జీటీఓ ఇవాళ ట్రెయిలర్ ఎక్కింది

శనివారం రాత్రి

మా గరాజ్‌లో ఉన్న 1968 పాంటియాక్ జీటీఓ కారుని ఇవాళ అమ్మేశాను. కొన్నది ఇక్కడ మిషిగన్‌లోనే ఉన్న ఫ్లింట్ నుంచి వచ్చిన ఒకావిడ, ఆవిడ పని వెల్డింగ్. ఎనిమిది వేల డాలర్లకి ఇచ్చాను. అంతకంటే ఎక్కువ ఇస్తానన్న మనిషి ఉన్నా ఆవిడకే ఇచ్చాను. ఎందుకిచ్చానో మర్చిపోకముందే రాసి పెట్టుకోవాలనిపించింది.

ఈ కారు మా వీధి చివర ఉండే పెద్దాయనది. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న పాంటియాక్ ఊళ్లో, ఆ కంపెనీ ప్లాంట్‌లోనే పనిచేసి రిటైరయ్యాడు. తన చేతుల మీదుగా వెళ్లే కార్లలో ఒకదాన్ని కొత్తగా కొనుక్కున్నాడు. ఎనభైల్లో ఏదో రిపేరొచ్చి పక్కన పెట్టాడట. ఇంటి ఖర్చులు, పిల్లల చదువులు, తర్వాత మోకాళ్ల నొప్పులు... బండి అలాగే ఉండిపోయింది. ఆయన పోయాక వాళ్లావిడ ఇల్లు ఖాళీ చేస్తూ, "నువ్వు ఇంజన్ల పనే చేస్తావుగా, నీ దగ్గరుంటే బావుంటుంది" అని నాకిచ్చింది. నాకు ఇంజన్ తెలుసు. కానీ ఈ బండికి ముందు కావాల్సింది బాడీ పని. పైగా ఉద్యోగం మారి మేం ఈ ట్రాయ్ ఊరు వదిలి టెక్సాస్‌లోని ఆస్టిన్ వెళ్తున్నాం. అక్కడ అద్దె ఇంటికి గరాజ్ లేదు.

జీటీఓ అంటే ఇక్కడివాళ్లకి ఎందుకంత ఇష్టమో మా అత్తయ్యగారికి చెప్పడానికి పొద్దున చాలాసేపు పట్టింది. మధ్యరకం కారులో పెద్ద కారు ఇంజన్ పెట్టడమే మజిల్ కార్ కిటుకు. మధ్యరకం కార్లలో 330 క్యూబిక్ అంగుళాలు మించిన ఇంజన్ పెట్టకూడదని పాంటియాక్ మాతృసంస్థ జనరల్ మోటార్స్‌లో అప్పట్లో ఒక నియమం ఉండేది. 1964లో పాంటియాక్ వాళ్లు టెంపెస్ట్ అనే కారుకి 389 క్యూబిక్ అంగుళాల ఇంజన్ని 'ఆప్షన్' పేరుతో పెట్టి ఆ నియమాన్ని దాటేశారు. అదే జీటీఓ. మాది వచ్చేసరికి 400 క్యూబిక్ అంగుళాలు, అంటే 6.6 లీటర్లు. మారుతి 800 ఇంజన్లు ఎనిమిది కలిపినా ఇంకొంచెం తక్కువే. అది విన్నాక ఆవిడ లేచి గరాజ్‌లోకి వెళ్లి మళ్లీ ఒకసారి చూసొచ్చారు.

ఆ కాలం ఎక్కువ రోజులు నిలవలేదు. 1971కి సీసం తక్కువ పెట్రోలు కోసం ఇంజన్ల కంప్రెషన్ తగ్గించడంతో శక్తి పడిపోయింది, ఇన్సూరెన్స్ భారమైంది, 1973లో చమురు సంక్షోభం వచ్చింది. 2010లో పాంటియాక్ అనే బ్రాండే మూతపడింది. అందుకే మిగిలిన ప్రతి బండి మీద నాకింత పట్టుదల.

అమ్మకానికి పెట్టేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాలని ముందే అనుకున్నాను. దుమ్ము కడిగేశాను. దుమ్ము ఉంటే పాతబండి అందం వస్తుందని కొందరు అలాగే ఫోటోలు తీస్తారు, నాకది నచ్చదు. దుమ్ము కింద పెయింట్ పొక్కులు కనిపించవు. ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, కింద నుంచి ఇనుము తినేస్తుంది. దీనికి డిక్కీ ఫ్లోర్ చిల్లులు పడింది. వెనక చక్రాల చుట్టూ రేకు చేత్తో నొక్కితే లోపలికి పోతోంది. వెనక అద్దం చుట్టూ క్రోమ్ పట్టీ కింద నీళ్లు నిలిచి, ఆ గాడి తుప్పు పట్టింది. డిక్కీలోకి నీళ్లు దిగింది అక్కణ్నుంచే. సీట్ల స్పాంజిలో ఎలకలు కాపురం పెట్టాయి. ఇంజన్ పట్టేసింది, క్రాంక్ బోల్ట్‌కి పొడుగాటి రెంచి వేసినా కదల్లేదు. ఇవన్నీ దగ్గర్నుంచి ఫోటోలు తీసి పెట్టాను. మంచివి కూడా రాశాను: ఫ్రేమ్ గట్టిగా ఉంది, ఫోర్ స్పీడ్ గేర్‌బాక్స్ దానిదే, విప్పిన ప్రతి పార్టూ డబ్బాల్లో ఉంది, రంగు ఫ్యాక్టరీలో వేసిన వెర్డోరో గ్రీన్.

ఎక్కువ ఇస్తానన్న మనిషి ఫోన్లో అడిగినవి రెండే. కారుకి కంపెనీ వేసిన గుర్తింపు నంబరు 242తో మొదలవుతుందా? టైటిల్, అంటే కారు ఎవరిదో చెప్పే కాగితం, ఉందా? పాంటియాక్‌దే లెమాన్స్ అనే మామూలు మోడల్‌ని జీటీఓలా మార్చి అమ్మేవాళ్లు చాలామంది. లెమాన్స్ నంబరు 237తో మొదలవుతుంది, కాబట్టి 242 ఉంటే అసలు జీటీఓ అన్నట్టు. ఫ్లోర్ ఎలా ఉందని గానీ, ఫ్రేమ్ గురించి గానీ అడగలేదు. బాడీ అక్కర్లేదు, ఆ గుర్తింపు నంబరున్న పలక, టైటిల్, ఇంజన్ చాలన్నాడు. ఒక కారు పలక తీసి ఇంకో కారుకి బిగించడం ఈ దేశంలో నేరం. నేరమనే కాదు, ఆ పెద్దాయన కారు పేరు ఇంకో రేకు మీదకెళ్లి, దీని ఒళ్లు తుక్కులోకి పోవడం నాకు ఇష్టం లేదు. కుదరదని చెప్పి పెట్టేశాను.

ఫ్లింట్ ఆవిడ వచ్చీ రాగానే పలకరింపులయ్యాక నేల మీద పడుకుని కారు కిందకి దూరింది. టార్చితో ఫ్రేమ్ అంతా చూసింది. తర్వాత జేబులోంచి మెత్తటి గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసి, రేకు మీద జానెడు జానెడు జరుపుతూ వెళ్లింది. తుప్పు చిల్లులు పూడ్చే బాండో అనే పేస్టు నింపిన చోట అది అంటదు. ముందు బంపర్ దగ్గరికి వచ్చేసరికి అయస్కాంతం జేబులో పెట్టేసుకుని బొటనవేలితో నొక్కి చూసింది. 1968 జీటీఓ ముందు బంపర్ రబ్బరులాంటి ఎండ్యూరా, బాడీ రంగులోనే ఉంటుంది. అప్పట్లో టీవీ ప్రకటనలో దాన్ని కొట్టి, సొట్ట పడదని చూపించారు. దాని మీద అయస్కాంతం పెట్టాల్సిన పని లేదని ఆవిడకి తెలుసు. నేను అక్కడే నిర్ణయించుకున్నాను.

తర్వాత డాష్‌బోర్డ్ మీది నంబరునీ, ఇంజన్ బ్లాక్ మీద కొట్టిన నంబరునీ టార్చి వెలుగులో అంకె అంకె కలిపి చూసింది. కలిసింది. పాత పాంటియాక్‌ల ఫ్యాక్టరీ రికార్డులిచ్చే పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ నుంచి తెప్పించిన అసలు ఇన్‌వాయిస్ కాపీ ఇస్తే, నిలబడే చివరిదాకా చదివింది. బేరం ఎక్కువసేపు నడవలేదు. టైటిల్ మీద ఓడోమీటర్ రీడింగ్ వేసి ఇద్దరం సంతకాలు చేశాం.

ఎక్కించడమే కష్టమైంది. వెనక చక్రాలు తిరగలేదు, బ్రేక్ షూలు డ్రమ్ములకి తుప్పుతో అతుక్కుపోయాయి. చక్రాలు విప్పి డ్రమ్ము అంచు చుట్టూ సుత్తితో కొడుతూ, మధ్యమధ్య నూనె చల్లుతూ చాలాసేపు కూర్చున్నాం. కుడివైపుది ముందు వదిలింది, ఎడమవైపుది బాగా సతాయించింది. అత్తయ్యగారు టీ, జంతికలు పట్టుకొచ్చి, "ఇది మళ్లీ నడుస్తుందంటారా బాబూ?" అని నన్నడిగారు. ఏమన్నారని ఫ్లింట్ ఆవిడ అడిగితే ఇంగ్లీషులో చెప్పాను. "ముందు ఫ్లోర్ వేస్తాను, తర్వాత ఇంజన్. నడుస్తుంది" అని అత్తయ్యగారినే చూస్తూ చెప్పింది. రేటు పెంచకుండా ఇచ్చినందుకు నాకు అప్పుడు చాలా సంతోషమేసింది.

ఆగస్టులో వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ జరుగుతుంది. 1995 నుంచి నడుస్తోంది, వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్లన్నీ పాంటియాక్ దాకా వస్తాయి. ఏదో ఒక ఏడాది ఈ బండిని అక్కడికి తెస్తానంది. అప్పుడు ఆస్టిన్ నుంచి తప్పకుండా వస్తాను. పెద్దాయన భార్యకి సాయంత్రం ఫోన్ చేసి చెప్పాను. ఎవరు కొన్నారని కాదు, వెల్డింగ్ బాగా వచ్చా అని అడిగింది.

ఇందాక ఫ్లింట్ నుంచి మెసేజ్ వచ్చింది. బండి దించేసిందట, అప్పుడే స్పార్క్ ప్లగ్గులు విప్పడం మొదలుపెట్టిందట. ఏడు వచ్చాయి, ఎనిమిదోది రావట్లేదు, ఏం చేయమంటారు అని అడిగింది. బలవంతం చేయొద్దు, నూనె వేసి రాత్రంతా వదిలేసి, రేపు ముందు కాస్త బిగించి తర్వాత విప్పమని రాశాను. మిగిలిన ఏడు రంధ్రాల్లో ఏ నూనె పోయాలో కూడా రాసి పంపాను.