పదో నంబరు బోల్టు

సంచికకి ఏదన్నా రాయరా అని మన గ్రూపులో అడిగినప్పటి నుంచి ఆలోచిస్తా ఉండా. హాస్టల్ సాంబారు గురించి ఎట్టాగూ నలుగురు రాస్తారు, అందుకని నేను నెల్లూరులో మనం చదువుకున్న కాడ వర్క్‌షాపులో స్టాండు మీదుండే ఆ నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్ గురించి రాస్తా. మనం ఉన్న రెండేళ్ళలో అది ఒక్కసారి కూడా స్టార్టవ్వలేదు, కానీ దాని హెడ్డు, అదే సిలిండర్ల మీద కూర్చునే మూత, మాత్రం ఎన్నిసార్లు దించి ఎక్కించామో లెక్కే లేదు.

నాది కందుకూరు. అప్పట్లో ప్రకాశం జిల్లా కాబట్టి నెల్లూరులో అందరూ పక్క జిల్లావోడు అని ఏడిపించేవోళ్ళు. 2022లో కందుకూరుని నెల్లూరు జిల్లాలో కలిపిన రోజు ఫోన్ చేసి మరీ చెప్పా ఒక్కొక్కడికి, గుర్తుండే ఉంటది.

సరే ఇంజన్ సంగతి. సార్ హెడ్డు మీద చాక్‌పీసుతో నంబర్లు వేసేవాడు, మధ్యలో రెండు బోల్టులు 1, 2, అక్కణ్ణించి ఐమూలగా అటొకటి ఇటొకటి బయటికి పోతా పోతా చివర మూలల్లో 9, 10. ఎందుకు సార్ ఇట్ట, వరసగా బిగిస్తే పోలా అని మనోడు ఒకడు అడిగితే "మీ అమ్మ దోశ పిండి అంచు కాడ మొదలుపెట్టి లోపలికి తిప్పుద్దా ఏందిరా" అన్నాడు. మూలలు ముందు బిగించేస్తే హెడ్డు మధ్యలో గ్యాస్కెట్ మీద, అంటే లీకవ్వకుండా కింద పరిచే రేకు మీద, సరిగ్గా కూర్చోదు. విప్పేటప్పుడు దీనికి రివర్సు, బయట నుంచి లోపలికి, అదీ ఇంజన్ పూర్తిగా చల్లారాకే, వేడి మీద విప్పితే అల్యూమినియం హెడ్డు వంకరపోద్ది. బిగించేది కూడా ఒక్కసారిగా కాదు, ఆ ఇంజన్‌కి బిగింపు బలం, అదే టార్క్, ముందు 3, తర్వాత 6, ఆఖర్న 9 కేజీ మీటర్లు, మూడు రౌండ్లు. మాన్యువల్‌లో న్యూటన్ మీటర్లు ఉండేవి, పెట్టిన టార్క్ రాగానే క్లిక్ అనే మన రెంచి మీద కేజీలు, సుమారుగా 10తో భాగించుకోమనేవాడు.

నా వంతు వచ్చిన రోజు మరలకి రెండు చుక్కలు ఆయిల్ రాయమంటే, ఎక్కువైతే ఇంకా మంచిదే కదా అని పదో బోల్టుని ఆయిల్ డబ్బాలో ముంచి దించేశా. మూడో రౌండులో మిగతా తొమ్మిదీ ఎంతో కొంత తిరిగి క్లిక్ అన్నాయి, ఇది మాత్రం కదిలీ కదలకుండానే క్లిక్. నేను సంతోషంగా రెంచి కింద పెడతా ఉంటే సార్ వచ్చి "తీయ్ దాన్ని" అన్నాడు. తీస్తే బొక్క నిండా ఆయిల్. ఆ బొక్కకి కింద దారి లేదు, అడుగు మూసుకుపోయి ఉంటది, బోల్టు దిగేకొద్దీ ఆయిల్ ఎటూ పోలేక ఎదురు తంతది, రెంచి ఏమో బోల్టు బిగిసింది అనుకుంటది, హెడ్డు మీద మాత్రం పట్టు ఉండదు. ఇంకా మొండిగా తిప్పితే ఆ బొక్కలుండే ఇంజన్ బ్లాకే పగలొచ్చు. పది బొక్కలూ తీగకి గుడ్డ చుట్టి తుడిపించి మళ్ళీ ఒకటో నంబరు నుంచి బిగించమన్నాడు, మీరందరూ టీకి పోయారు దొంగ నాయాళ్ళు.

ఇప్పుడు అసలు సంగతి. కావలి దగ్గర నేను షెడ్డు పెట్టిన కొత్తల్లో రొయ్యలు తోలే పికప్ ఒకటి వచ్చింది, తెల్ల పొగ, రేడియేటర్ మూత తీస్తే బుడగలు, ఆయిల్ చూస్తే పాలు పోసిన టీ లాగా ఉంది. హెడ్డు దించి లేత్ షాపులో అడుగు చదునయ్యేట్టు ఫేసింగ్ కొట్టించి తెచ్చేసరికి సాయంత్రం. కరెంటు లేదు, బొక్కల్లోకి గాలి కొడదామంటే కంప్రెసర్ లేదు, ఓనర్ ఏమో "మేస్త్రీ, తెల్లారితే చెరువులో రొయ్యల పట్టుబడి ఉంది" అని నెత్తి మీద కూర్చున్నాడు. హెడ్డు లేపినప్పుడు బొక్కల్లో నీళ్ళు పడతాయని తెలుసు, సార్ తీగ గుర్తొచ్చింది కూడా, అయినా పైపైన గుడ్డతో తుడిచి బిగించేశా. పదికి పది క్లిక్కులు. నాలుగో రోజు బండి తాడు కట్టి లాక్కొచ్చారు. విప్పితే చివరి సిలిండర్ కాడ గ్యాస్కెట్ కాలిపోయి ఉంది, ఆ పక్క మూల బొక్కలో నీళ్ళు అట్టనే ఉండాయి.

ఓనర్‌కి గ్యాస్కెట్ డూప్లికేట్ తగిలిందన్నా అని చెప్పా. మళ్ళీ చేసినందుకు డబ్బులు తీసుకోలేదనుకోండి, కొత్త గ్యాస్కెట్ కూడా నా జేబులోదే, కానీ అబద్ధం అబద్ధమే కదా.

ఇప్పుడు వచ్చే బండ్లకి చాలావాటికి సాగే బోల్టులు, కొంత టార్క్ పెట్టి ఆపైన 90 డిగ్రీలు తిప్పాలి, అవి ఒకసారి సాగితే మళ్ళీ వాడకూడదు. పాత బోల్టులు బాగానే ఉండాయి కదా అని ఓనర్లతో రోజూ గొడవే. నా దగ్గర పనిచేసే పిలగాడు డిగ్రీలన్నీ ఫోన్‌లో చూసుకుంటాడు, బాగానే చేస్తాడు, నేను మాత్రం టార్చి వేసి బొక్కలు చూస్తేగాని హెడ్డు ఎక్కించనియ్యను.

ఆ రొయ్యల ఓనర్ ఇప్పటికీ బండి నా దగ్గరికే తెస్తాడు. ఆయన ఈ సంచిక చదవడులే అనే ధైర్యంతోనే రాస్తా ఉండా, మీలో ఆ ఊరోళ్ళెవరన్నా ఉంటే కాస్త నోరు కట్టుకోండి.