ఇంజన్ మార్చే ముందు రేడియేటర్ చూడుర్రి

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాల మా గ్యారేజ్‌కి వచ్చేటియి ఎక్కువ పాత ఫోర్ బై ఫోర్ బండ్లే. నిస్సాన్ పాట్రోల్‌లు, ల్యాండ్ క్రూజర్‌లు. అందుల్ల 80 సిరీస్ ల్యాండ్ క్రూజర్ అంటే ఇక్కడి అరబ్బోళ్లకు పాణం, 1997 కాడికే దాని కాలం అయిపోయింది గాని ఇప్పటికీ సెలవొస్తే సాలు టైర్ల గాలి తగ్గించుకోని అల్ బదాయర్ దిక్కు ఇసుక గుట్టలు ఎక్కుతనే ఉంటరు. ఈ ఎండాకాలం గసొంటి 1996 మోడల్ ఒకటి రికవరీ లారీ మీద వచ్చింది. ఆయిల్ మూత ఇప్పితే లోపల పాలు పోసిన చాయ్ రంగు. అంటే ఇంజన్ బ్లాక్‌కు పైన హెడ్‌కు నడుమ ఉండే ప్యాకింగ్, హెడ్ గ్యాస్కెట్, పోయి నీళ్లు ఆయిల్ల కలిసినయి, ఆ ఆయిల్ తోనే ఇంకొంత దూరం నడిపిండ్రు గనక బేరింగ్‌లు గూడ పోయినయి, కింద కొడుతున్న సప్పుడు.

బండాయన పెద్దమనిషి, మంచోడు. వాళ్ల నాయిన బండి అంట, అమ్మేది లేదు, ఇంజన్ మార్చు, యల్లా (కానియ్యి) అన్నడు. మా అర్బాబు, అంటే గ్యారేజ్ ఓనర్, ఆయనది గూడ అదే మాట, వారంతం లోపల ఎక్కించి పంపియ్యి అని. నాకున్న పట్టుదల ఒక్కటే, పాత ఇంజన్ ఎందుకు సచ్చిందో తెలుసుకోకుంట ఇంకో ఇంజన్ ఎక్కియ్యొద్దు. ఎక్కిస్తే గిది గూడ గదే తొవ్వల పోతది, పైసలు ఆయనయి, పేరు నాది.

ఈ బండిల ఉండే 1ఎఫ్‌జడ్ ఇంజన్ మస్తు గట్టిది. నాలుగున్నర లీటర్లు, ఆరు సిలిండర్లు వరుసగ, బెల్ట్ గాదు టైమింగ్ చైన్. కాని బ్లాక్ ఇనుముది, హెడ్ అల్యూమినియంది, వేడెక్కితే రెండు ఒక్క తీరుగ సాగయి, మళ్ల మళ్ల హీట్ అయితే హెడ్ వంకర పోయి గ్యాస్కెట్ కొడతది, అది గూడ ఎక్కువ వెనకాల ఆరో సిలిండర్ కాడనే. ఇసుకల బండి మెల్లగ పోతది, ఇంజన్ మాత్రం గట్టిగ అరుస్తది, ముందు నుంచి గాలి రాదు, అప్పుడు దిక్కు ఫ్యాన్ ఒక్కటే. ఆ ఫ్యాన్‌ను ఇంజన్‌తోని కలిపి తిప్పేది ఫ్యాన్ క్లచ్, అండ్ల సిలికాన్ ఆయిల్ ఉంటది, ఏండ్లు గడిస్తే అది కారిపోయి ఫ్యాన్ ఉత్తగనే తిరుగుతది, గాలి గుంజది. రోడ్డు మీద వంద స్పీడ్‌ల పోతుంటే ఏం తెలువది. ఇసుకల దిగినంక తెలుస్తది.

ఇంజన్ కోసం సెకండ్ హ్యాండ్ సామాన్ల మార్కెట్‌ల తిరిగినం. జపాన్ నుంచి సగానికి కోసిన బండ్లు వస్తయి, హాఫ్ కట్ అంటరు, అండ్ల నుంచి తీసిన ఇంజన్‌లు. అమ్మేటోడు పైపైన కడిగి మెరిసేటట్టు పెడతడు గాని మెరుపు చూడొద్దు, నేనైతే కడగనిదే కావాలంట. నీళ్ల పైపు తగిలే మూతి కాడ వేలు పెట్టి చూస్తే తుప్పు పొడి వస్తే అది కూలెంట్ గాదు ఉత్త నీళ్లు పోసి నడిపిన ఇంజన్, వద్దు. ప్లగ్‌లు ఆరు తీసి వరుసగ పెట్టాలె, ఒక్కటి మాత్రం కడిగినట్టు తెల్లగ ఉంటే ఆ సిలిండర్‌లకు నీళ్లు వచ్చినట్టే. సిలిండర్ల ఒత్తిడి చూపించే కంప్రెషన్ గేజ్ పెడితే ఆరు దగ్గర దగ్గర చూపియ్యాలె. మూడో దుకాణం కాడ దొరికింది, తుప్పు లేదు, ఆయిల్ మూత కింద నల్లమడ్డి లేదు.

తీసుడు పెద్ద పనే. బానెట్, రేడియేటర్, ఫ్యాన్ కవర్ తీసుడు, ఏసీ కంప్రెసర్‌ను గ్యాస్ పైపులు ఇప్పకుంట పక్కకు కట్టుడు, వైరింగ్ మొత్తం డ్యాష్‌బోర్డు లోపలి నుంచి గుంజుడు. 200 కిలోల పైనే బరువు, చైన్ బ్లాక్‌కు తగిలేసి నా తోని పని చేసే కామారెడ్డి పిల్లగాడు ఒక దిక్కు పట్టుకున్నడు. మళ్ల ఎక్కించేటప్పుడు వానికి ఒకటే చెప్పిన, ఇంజన్ బలాన్ని గేర్ బాక్స్‌కు అందిచ్చే టార్క్ కన్వర్టర్ గేర్ బాక్స్‌ల పూర్తిగ లోపలికి కూసుందా లేదా చేతితోని తిప్పి చూడు, తిప్పుకుంట నూకితే టక్కు టక్కుమని మెట్లు దిగినట్టు దిగుతది. అది సరిగ్గ దిగకముందే బోల్ట్‌లు బిగించి ఇంజన్‌ను గుంజితే గేర్ బాక్స్ పంప్ పలుగుతది. ఇంక ఇంజన్ వెనకాల ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద జానెడు లేని హీటర్ హోస్ ఉంటది, ఇంజన్ ఎక్కినంక అక్కడికి చెయ్యి పోదు, అది పలిగితే నీళ్లన్ని పోయి మళ్ల హీట్ అయితది. ఆ హోస్, ఆయిల్ కారకుంట ఆపే వెనక మెయిన్ సీల్, రెండు కొత్తయి ఏసినం. "అన్నా, ఈ పాత హోస్ బాగనే ఉన్నది గద" అన్నడు పిల్లగాడు. నొక్కి చూడమన్న, లోపల దిక్కు పగుళ్లు.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాంక మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాంక ఎండల పని బంద్ అని ఇక్కడ చట్టం, మంచి చట్టమే, కాని మేం రేకుల షెడ్డు కింద ఉంటం గనక మాకు తగలది. పాన పట్టుకుంటే చెయ్యి కాలుతది, బట్ట సుట్టి పట్టుకుంటం. నా వీసాల ఇప్పటికీ హెల్పర్ అనే ఉన్నది, ఊర్లె ట్రాక్టర్‌ల కాడ నేర్చుకున్న పని, ఇక్కడ మలయాళీ ఫోర్‌మెన్ కాడ నేర్చుకున్న పని ఏ కాయిదం మీద లేదు. కామారెడ్డి పిల్లగానిది గూడ అంతే. రేపు వాడు ఇంకో దేశం పోతే ఏం చూపిస్తడు అని నాకు రంది. అందుకే ప్రతి ఇంజన్ పని వాని ఫోన్ల మొదటి నుంచి ఆఖరి దాంక ఫోటోలు తీయిపిస్తున్న. రాత్రి బోటిమ్ అనే ఫోన్ యాప్‌ల ఇంటికి మాట్లాడుకుంట అవి సూపిస్తడు, వాళ్లమ్మ గింత పెద్ద ఇంజనా బిడ్డా అంటది.

ఆఖరికి రేడియేటర్ ముచ్చట. ఏసీ కండెన్సర్‌కు రేడియేటర్‌కు నడుమ ఉన్న సందుల ఇసుక, నూనె కలిసి అట్ట కట్టింది, స్క్రూడ్రైవర్‌తోని గీకితే పెల్లలు పెల్లలు రాలింది. ఫ్యాన్ క్లచ్ వేలితోని నూకితే అడ్డే లేకుంట తిరిగింది. ఇంజన్‌ను సంపింది గివే. అర్బాబు ఖల్లివల్లి (పోనియ్యి), కడిగి పెట్టు అన్నడు. నేను పెద్దమనిషిని పిలిచి ఆ పెల్ల చేతిల పెట్టిన, క్లచ్ తిప్పి చూపిచ్చిన. ఆయన ఏం మాట్లాడలె, ఫోన్ తీసి కొత్త రేడియేటర్, కొత్త ఫ్యాన్ క్లచ్, థర్మోస్టాట్ మూడు తెప్పిచ్చిండు.

బండి స్టార్ట్ చేసి హీటర్ ఫుల్ పెట్టి గాలి బుడగలు పోయేదాంక కూలెంట్ పోసినం, సల్లారినంక మళ్ల మట్టం చూసి పోసినం. ఏసీ పెట్టి మధ్యాహ్నం పూట నిలబెట్టి నడిపిస్తే హీట్ ముల్లు నడుమ కన్న పైకి రాలే. వెయ్యి కిలోమీటర్లకు ఆయిల్ మార్పియ్యమని, ఇసుకకు పోయొచ్చినప్పుడల్ల రేడియేటర్‌ను వెనక నుంచి ముందుకు నీళ్లు కొట్టి కడగమని చెప్పి పంపిన. ఇంజన్ నంబర్ రాసిన బిల్లు గూడ చేతికిచ్చిన, ఎందుకంటే ములికియా, అంటే బండి రిజిస్ట్రేషన్ కార్డు, దాని మీద ఇంకా పాత నంబరే ఉన్నది, పాసింగ్‌కు (బండి తనిఖీకి) పోయేముందు అది మార్పిచ్చుకోవాలె.