బిడ్డ ఆపరేషన్‌కి ఫౌండేషన్ సాయం: ఎక్కడ అడగాలి, ఏ కాగితం దగ్గర ఆగుతుంది

నెల్లూరు, ఒంగోలు ఆసుపత్రుల వరండాల్లో తరచుగా వినబడే మాట ఒకటుంది. "ఎవరో ఫౌండేషన్ వాళ్ళు డబ్బులిస్తారంట గదన్నా, వాళ్ళ నంబరుంటే ఇయ్యవా?" ఇస్తారు, నిజమే. కానీ ఆ డబ్బు తల్లిదండ్రుల చేతికి రాదు, నేరుగా ఆసుపత్రి ఖాతాలో పడుతుంది. అదీ ఆపరేషన్‌కి ముందు మంజూరైతేనే. ఈ రెండు సంగతులు తెలియక ముందు నగలు తాకట్టు పెట్టి బిల్లు కట్టేసి, ఆ తర్వాత రసీదులు పట్టుకుని కాళ్ళరిగేలా తిరిగేవాళ్ళున్నారు. కట్టేసిన బిల్లుకి ఫౌండేషన్లు సాధారణంగా ఏమీ ఇవ్వవు. అలాంటప్పుడు అడగాల్సింది ముఖ్యమంత్రి సహాయ నిధిని. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ జత చేసి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు పెట్టుకోవాలి. అందుకే ఒరిజినల్స్ ఇంకెవరడిగినా వదలకండి, జిరాక్సులే ఇవ్వండి.

ఏ ఫౌండేషన్ మనిషైనా మొదట అడిగేది "వైద్య సేవలో వస్తుందా?" అనే. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం పేర్లు మారుతూ వచ్చి ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. పిల్లల గుండె ఆపరేషన్లు, క్యాన్సర్ చికిత్సలు చాలావరకు అందులో ఉన్నాయి. బియ్యం కార్డు, ఆధార్‌లు, బిడ్డ జనన ధ్రువపత్రం తీసుకుని ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే వైద్య మిత్ర దగ్గరికి వెళ్తే వస్తుందో రాదో చెప్తారు. రాదంటే ఆ మాట కాగితం మీద రాయించుకోండి. ఫౌండేషన్ ఫైల్లో మొదటి పేజీ అదే అవుతుంది. వస్తుందంటే మాత్రం ఆపరేషన్‌కి పైడబ్బులు అడిగే హక్కు ఆసుపత్రికి లేదు. అడిగితే 104కి ఫోన్ చేయండి. చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లకి తీసుకెళ్ళాలనుకున్నా ముందు అదే నంబరుకి ఫోన్ చేసి, ఆ ఆసుపత్రిలో ఆ చికిత్సకి పథకం వర్తిస్తుందో లేదో కనుక్కున్నాకే బయల్దేరండి.

పథకం ఉండగా ఫౌండేషన్లతో పనేముందని కొందరికి అనుమానం. పథకం ఒక్కో ఆపరేషన్‌కి ఇంతని ప్యాకేజీ కడుతుంది. మూడు కిలోల పసిబిడ్డకి గుండె ఆపరేషన్ చేశాక ఐసీయూలో ఆరు రోజులు చాలనుకుంటారు. ఇన్‌ఫెక్షన్ వచ్చి అది ఇరవై రోజులైతే? వెంటిలేటర్, ఖరీదైన యాంటీబయాటిక్స్, రక్తం, ఈ ఖర్చులు ప్యాకేజీని దాటిపోతాయి. ఆ భారం తమ మీద పడుతుందని బరువు తక్కువ పిల్లల్ని, చిక్కు కేసుల్ని తీసుకోవడానికి ఆసుపత్రులు వెనకాడతాయి. దాటిన ఖర్చు మేం మోస్తామని ఒక ఫౌండేషన్ ఆసుపత్రితో ముందే ఒప్పందం రాసుకుంటే ఆ బిడ్డకి బెడ్ దొరుకుతుంది. బయటికి కనబడని సాయం ఇది. దీని గురించి ఎవరూ ఫ్లెక్సీలు కట్టరు గానీ, ప్రాణాల లెక్కలో దీనికే ఎక్కువ విలువివ్వాలి.

కొన్ని సంస్థలు ఇంకో దారిలో పోతాయి. తమ ఆసుపత్రినే ఉచితంగా నడుపుతాయి. పుట్టపర్తిలో 1991లో, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో 2001లో మొదలైన సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రుల్లో గుండె ఆపరేషన్‌కి రూపాయి తీసుకోరు. మనకి దగ్గరలో అయితే తిరుపతిలో టీటీడీ 2021 అక్టోబరులో తెరిచిన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ఉంది. నెల్లూరు నుంచి మూడు గంటల ప్రయాణం, అంతే. ఒంగోలు వైపు వాళ్ళకి విజయవాడ దగ్గర. అక్కడ ఆంధ్రా హాస్పిటల్స్‌లో బ్రిటన్‌కి చెందిన హీలింగ్ లిటిల్ హార్ట్స్ సంస్థ డాక్టర్ల బృందాలు వచ్చి ఆపరేషన్లు చేస్తుంటాయి, మహేశ్ బాబు ఫౌండేషన్ కూడా అక్కడి పిల్లల గుండె ఆపరేషన్లకి అండగా ఉంటోంది.

గుండె విషయంలో డబ్బు కంటే ముందు తరిగిపోయేది సమయం. పుట్టే ప్రతి వెయ్యి మందిలో సుమారు ఎనిమిది, తొమ్మిది మంది పిల్లలకి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. పెద్ద రంధ్రమున్న బిడ్డ పాలు తాగుతూ మధ్యలో ఆగిపోతుంది, రొప్పుతుంది, నుదుటి మీద చెమట పడుతుంది. బరువు పెరగదు, మాటిమాటికీ న్యుమోనియా వస్తుంది. "పెద్దయితే అదే పూడుకుంటుందిలే" అన్న మాట చిన్న రంధ్రాలకి సరిపోతుంది. పెద్ద రంధ్రాన్ని అలా వదిలేస్తే అధిక రక్తప్రవాహంతో ఊపిరితిత్తుల నాళాలు గట్టిపడి, ఒక దశ దాటాక రంధ్రం మూయడమే ప్రమాదమవుతుంది. అప్పుడు ఎంత పెద్ద ఫౌండేషన్ వచ్చినా చేయగలిగింది లేదు. అందుకే అంగన్‌వాడీకి, బడికి వచ్చి పిల్లల్ని పరీక్షించే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే బృందం గుండె చప్పుడులో తేడా ఉందని చీటీ రాసిస్తే ఆ వారమే ఎకో (గుండె స్కానింగ్) తీయించండి. 2013లో మొదలైన ఈ కార్యక్రమం కింద 18 ఏళ్ళలోపు పిల్లల్ని పరీక్షించి, పెద్దాసుపత్రిలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపిస్తారు. ఫౌండేషన్లతో పరిచయం ఉన్న మనిషి దొరికే చోటు కూడా ఎక్కువగా అదే.

ఇక ఫైలు సంగతి. మంజూరు ఆలస్యమయ్యేది దాదాపు ఎప్పుడూ ఇక్కడే.

అన్నిటికంటే ముఖ్యమైంది ఎస్టిమేట్ లెటర్. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద జబ్బు పేరు, చేయబోయే ఆపరేషన్ పేరు, మొత్తం ఖర్చు, అందులో పథకం ఎంత కడుతుంది, ఆసుపత్రి ఎంత తగ్గిస్తోంది, ఇంకా ఎంత కావాలి, ఇవన్నీ విడివిడిగా ఉండాలి. కింద డాక్టర్ సంతకం, సీలు, తేదీ. "సుమారు మూడు లక్షలు" అని ఒక్క వాక్యం రాసిచ్చిన లెటర్ వెనక్కి వస్తుంది. దానికి ఎకో లేదా బయాప్సీ రిపోర్టు, కేస్ సమ్మరీ జతపరచాలి. రిపోర్టు పాతదైతే మళ్ళీ తీయమంటారు. ఎందుకంటే ఆర్నెల్లలో బిడ్డ గుండె పరిస్థితి, దాన్ని బట్టి ఆపరేషన్, ఖర్చు అన్నీ మారిపోవచ్చు. ఆదాయ ధ్రువపత్రానికి సచివాలయంలో దరఖాస్తు చేస్తే తహసీల్దార్ ఆఫీసు నుంచి వస్తుంది. ఆసుపత్రిలో చేరాక దీనికోసం తండ్రి ఊరికి పరుగెత్తడం కంటే, జబ్బు తెలిసిన రోజే అప్లై చేసి పెట్టుకోవడం మేలు.

తరచూ అడ్డుపడే చిన్న కాగితం ఒకటుంది. కాన్పు జరిగిన ఆసుపత్రి రికార్డుల్లో బిడ్డ పేరు "బేబీ ఆఫ్ సుబ్బమ్మ" అని ఉంటుంది. ఆధార్‌లో "జాహ్నవి" అని ఉంటుంది. ఎకో రిపోర్టు మీద పిలుపు పేరు "చిన్ని" అని రాయించి ఉంటారు. మూడు కాగితాలు, మూడు పేర్లు. ఫౌండేషన్ ఆఫీసులో ఆ ఫైలు చూసే మనిషికి వీళ్ళు ముగ్గురు పిల్లలు. మోసాలు జరుగుతుంటాయి కాబట్టి వాళ్ళు ఆపక తప్పదు. ఆసుపత్రి మెడికల్ రికార్డ్స్ విభాగానికి వెళ్ళి, ఈ పేర్లన్నీ ఒకే బిడ్డవని సీలు వేసిన లెటర్ తీసుకుంటే చిక్కు విడిపోతుంది. ఇంకా మంచిది, ఎకో టేబుల్ ఎక్కించే ముందే ఓపీ చీటీ మీద ఆధార్‌లో ఉన్న పేరే రాయించడం.

ఒకేసారి నాలుగు ఫౌండేషన్లకి దరఖాస్తు పెట్టొచ్చా? పెట్టొచ్చు, దాచకుండా. మూడు లక్షలు కావాల్సి వస్తే ఒకళ్ళు లక్ష, ఇంకొకళ్ళు యాభై వేలు, ఇలా పంచుకోవడం వాళ్ళకి అలవాటే. ప్రతి ఒక్కరి దగ్గరా మొత్తం మూడు లక్షలూ అడిగి, మిగతావాళ్ళ సంగతి చెప్పకపోతే ఆసుపత్రి అకౌంట్స్ దగ్గర బయటపడుతుంది. అప్పుడు అందరూ వెనక్కి తగ్గుతారు. ఈ పంపకం చేసిపెట్టేది ఆసుపత్రిలోని మెడికల్ సోషల్ వర్కర్. ఏ ఫౌండేషన్‌కి ఏ జబ్బు, ఏ వయసు, ఎంత హద్దు అన్నది ఆ మనిషికి కంఠతా ఉంటుంది. పెద్ద ఆసుపత్రికి వెళ్ళిన రోజే ఆ గది ఎక్కడుందో అడగండి.

డబ్బుల కాలం కూడా ఒకటుంది. ఫౌండేషన్ల నిధుల్లో పెద్ద భాగం కంపెనీల సీఎస్ఆర్ సొమ్ము. లాభాల్లో రెండు శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలని కంపెనీల చట్టం చెప్పిన నిబంధన 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఆ లెక్క ఏప్రిల్ నుంచి మార్చి దాకా. కాబట్టి ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొన్ని చోట్ల "ఫండ్ అయిపోయింది" అన్న జవాబు వస్తుంది. అది మీ బిడ్డని కాదనడం కాదు. ఆగగలిగిన ఆపరేషన్ అయితే ఏప్రిల్లో మళ్ళీ అడగండి.

క్యాన్సర్ సంగతి వేరు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్త క్యాన్సర్‌కి రెండేళ్ళు, ఆ పైన కూడా మందులు నడుస్తాయి. మొదటి నెలల్లో ఆసుపత్రికి దగ్గరలోనే ఉండాలి. ఉదయగిరి నుంచో కనిగిరి నుంచో చెన్నై పోయిన కుటుంబాన్ని చితికిపోయేలా చేసేది మందుల బిల్లు ఒక్కటే కాదు, లాడ్జి అద్దె, హోటల్ తిండి, ఆగిపోయిన కూలి. రొయ్యల గుంటల దగ్గర కాపలా పనో, పొగాకు బ్యారన్ దగ్గర పనో మానుకుని తండ్రి ఎన్ని నెలలని ఉండగలడు? జ్వరం తగ్గి బిడ్డ ఆడుకోవడం మొదలెట్టగానే "నయమైందిలే" అని ఊరికి తీసుకొచ్చేస్తారు. మందు మధ్యలో ఆగిన జబ్బు తిరగబెడితే ఆ తర్వాత లొంగదీయడం చాలా కష్టం.

ఈ చోటే ఫౌండేషన్ల వసతి గృహాలు కుటుంబాన్ని నిలబెడతాయి. 2006లో ముంబైలో మొదలైన సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్లు ఇప్పుడు చెన్నై, హైదరాబాద్, వెల్లూరుల్లో కూడా ఉన్నాయి. అద్దె లేదు. ప్రతి కుటుంబానికీ విడిగా ఒక గది, అందరికీ కలిపి పెద్ద వంటగది. ఆ వంటగదిలో ఎవరి పొయ్యి వాళ్ళది, ఎవరి అల్మరా వాళ్ళది. సరుకులు సంస్థే ఇస్తుంది, వండేది తల్లే. దీని వెనక లెక్క ఉంది. కీమో వల్ల తెల్లకణాలు పడిపోయిన బిడ్డకి బయటి ఇడ్లీ మీది పచ్చి చట్నీ కూడా ప్రమాదమే. అప్పుడే వండిన వేడి అన్నం, తల్లి చేతి పప్పుచారు అయితే నోరు పూసిన బిడ్డ కూడా రెండు ముద్దలు తింటుంది. పోషణ తగ్గితే కీమో డోసులు వాయిదా పడతాయి. ఈ గృహాల్లోకి నేరుగా వెళ్తే చేర్చుకోరు, చికిత్స చేసే ఆసుపత్రి సోషల్ వర్కరే పంపాలి. గదులు నిండిపోయి ఉంటే వరసలో పేరు రాయించండి. ఎక్కడున్నా గానీ జ్వరం 100.4 దాటితే తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి.

రైలు రాయితీ చాలామంది వాడుకోరు. క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీలో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్ళే ఒకరికి 75 శాతం తగ్గింపు. గుండె ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళకీ స్లీపర్‌లో 75 శాతం తగ్గిస్తారు. దీనికి రైల్వే వాళ్ళు నిర్ణయించిన ఫారం మీద డాక్టర్ సంతకం, సీలు ఉండాలి.

ఒంట్లో రక్తం సరిగ్గా తయారవని తలసేమియా జబ్బున్న పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. నెల్లూరులో రెడ్‌క్రాస్ రక్తనిధి ఉంది. కానీ ఎక్కించిన రక్తంతో ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది. దాన్ని తీసే మాత్రలు మానేస్తే రక్తం సరిగ్గా అందుతున్నా గుండె, కాలేయం పాడవుతాయి. శాశ్వత పరిష్కారం మూలుగ మార్పిడి. దానికి కోల్ ఇండియా సంస్థ తన సీఎస్ఆర్ నిధులతో 2017 నుంచి ఒక్కో బిడ్డకి పది లక్షల దాకా ఇస్తోంది. వెల్లూరు సీఎంసీ ఆ జాబితాలో ఉంది. పన్నెండేళ్ళలోపు వయసు, కుటుంబ ఆదాయం మీద హద్దు, సరిపోలే దాత, ఇవి షరతులు. తోడబుట్టినవాళ్ళు సరిపోలే అవకాశం ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు. కాబట్టి ముందు దాత సరిపోతారో లేదో చూసే హెచ్ఎల్ఏ పరీక్ష చేయించాలి.

ఫైళ్ళ గొడవ పెద్దగా లేని సాయమూ ఉంది. గ్రహణం మొర్రికి స్మైల్ ట్రైన్ సంస్థ తన భాగస్వామి ఆసుపత్రులకి ఆపరేషన్ ఖర్చు ఇస్తుంది, కుటుంబం కట్టేదేమీ ఉండదు. పెదవికి సుమారు మూడు నెలలు నిండి, బరువు నాలుగున్నర కిలోలు, హిమోగ్లోబిన్ 10 ఉంటే చేస్తారు. అంగుడికి ఏడాది అటూఇటూ. అందాకా బిడ్డని పడుకోబెట్టి పాలు పట్టకండి, నిటారుగా కూర్చోబెట్టి ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో కొద్దికొద్దిగా పట్టండి. వంకర పాదాలకి వారం వారం అయిదారు కట్లు, చాలామందికి మడమ వెనక స్నాయువు దగ్గర చిన్న కోత, ఆ తర్వాత కడ్డీతో కలిపిన బూట్లు. మూడు నెలలు రోజుకి 23 గంటలు, ఆ తర్వాత నాలుగైదేళ్ళ వయసు దాకా రాత్రిళ్ళు వేయాలి. బూట్లు ఉచితంగా ఇచ్చే సంస్థలు ఫోన్లు చేసి మరీ వేస్తున్నారా అని అడుగుతాయి. పాదం చక్కగా కనబడుతోంది కదా, బిడ్డ ఏడుస్తోంది కదా అని బూట్లు తీసేసిన ఇళ్ళలో పాదం మళ్ళీ వంకర తిరుగుతుంది. ఆ ఫోన్ విసుగనుకోకండి.

సాయం ఇప్పిస్తామని ముందు ఫీజు అడిగేవాళ్ళు, ఓటీపీ అడిగేవాళ్ళు ఫౌండేషన్ వాళ్ళు కారు. ఏ నిజమైన సంస్థా దరఖాస్తుకి డబ్బు తీసుకోదు.

తేదీ ఇచ్చాక కూడా ఆపరేషన్ వాయిదా పడే కారణాలు ముందే చూసుకోవాలి. జలుబు, దగ్గు, పుచ్చుపన్ను, తక్కువ హిమోగ్లోబిన్, రక్తదాతలు దొరక్కపోవడం. పుచ్చుపన్నులోని క్రిములు రక్తంలో చేరి గుండెకి పట్టే ముప్పుంది, అందుకే పళ్ళ డాక్టర్‌కి ముందే చూపించండి. డిశ్చార్జి రోజున సమ్మరీతో పాటు మళ్ళీ ఎప్పుడు రావాలో, ఆ ఎకోకి, ఆ ప్రయాణానికి ఫౌండేషన్ ఇస్తుందో లేదో అడిగి రాయించుకోండి. మందులు అయిపోతే ఊళ్ళో దొరికే పేరేంటో కూడా అప్పుడే అడగండి. పామూరు మందుల షాపులో పసిపిల్లల డోసు సిరప్ ఉండకపోవచ్చు, మాత్రని ఎంత నీళ్ళలో కలిపి ఎన్ని మిల్లీలీటర్లు పట్టాలో అక్కడి నర్సు చేత ఒకసారి చేయించి, రెండోసారి మీరే కలిపి చూపించాకే బండెక్కండి.