జెండా ఎవరి కోసం దించారమ్మా?

2022 సెప్టెంబర్ 11, ఆదివారం. అమ్మకి కంటి ఆపరేషన్ అంటే మా వాణ్ణి వెంటబెట్టుకుని న్యూజెర్సీ నుంచి కూకట్‌పల్లి వచ్చి వారమైంది. ఆ పొద్దున వాణ్ణి బిర్లా మందిర్‌కి తీసుకెళ్ళి క్యాబ్‌లో తిరిగొస్తున్నాను. నిమజ్జనం అయి రెండు రోజులే కదా, రోడ్డు పక్కన ఇంకా రంగు కాగితాలు, వాడిపోయిన బంతిపూలు. లకడీకాపూల్ దగ్గర సిగ్నల్ పడింది. మా వాడు అద్దానికి ముక్కు ఆనించి ఒక ప్రభుత్వ కార్యాలయం వైపు చూస్తూ, "అమ్మా, జెండా సగంలోనే ఉంది. అమ్మమ్మ వాళ్ళ హీరో కోసమా?" అన్నాడు.

ఆ తెల్లవారుజామునే కృష్ణంరాజుగారు పోయారు. "అవును బాబూ, రెబల్ స్టార్ కోసమే" అన్నాడు డ్రైవర్. నేనూ అదే అనుకున్నాను. ఫోన్‌లో చూస్తే సంగతి వేరు. మూడు రోజుల క్రితం చనిపోయిన బ్రిటన్ రాణి ఎలిజబెత్ కోసం కేంద్ర ప్రభుత్వం ఆ ఒక్కరోజు సంతాప దినం ప్రకటించింది. దేశమంతా జెండా అవనతం చేశారు. ఆ మాట చెప్పగానే మా వాడి ముఖంలో అయోమయం. "మరి అమ్మమ్మ ఏడుస్తోంది ఆవిడ కోసం కాదు కదా?"

ఎనిమిదేళ్ళ పిల్లాడికి ఏం చెప్పను? ఇలాంటి ప్రశ్నకే ఒకసారి తప్పు జవాబు చెప్పినదాన్ని నేను.

2012 ఫిబ్రవరిలో విట్నీ హ్యూస్టన్ చనిపోయినప్పుడు, అంత్యక్రియల రోజున రాష్ట్ర కార్యాలయాల మీద జెండా దించమని న్యూజెర్సీ గవర్నర్ క్రిస్ క్రిస్టీ ఆదేశించారు. డ్రగ్స్ అలవాటున్న గాయనికి ఆ గౌరవమేమిటని చాలామంది మండిపడ్డారు. అప్పుడు మా అమ్మాయికి పదేళ్ళు. కారులోంచి జెండా చూసి అడిగితే, "దేశం కోసం ప్రాణాలిచ్చిన సైనికులకి దించాలి, పాటలు పాడేవాళ్ళకి కాదు" అని గట్టిగా చెప్పాను. ఆ పిల్ల అది మనసులో పెట్టుకుంది. పదేళ్ళ తర్వాత, 2022 ఫిబ్రవరి 6న లతా మంగేష్కర్ పోతే ఇండియాలో రెండు రోజులు జెండా దించారు. కాలేజీ నుంచి ఫోన్ చేసి, "పాటలు పాడేవాళ్ళకి కాదన్నావు కదమ్మా?" అంది. ఆవిడ పాటలు పెట్టుకుని వంటింట్లో ఏడుస్తున్నాను అప్పుడు. నోట మాట రాలేదు.

విట్నీ న్యూజెర్సీలోని నెవార్క్‌లో పుట్టింది, అక్కడి చర్చిలో పాడుతూ పెరిగింది, అదే చర్చిలో చివరి ప్రార్థన జరిగింది. ఆ ఊరివాళ్ళకి ఆమె ఏమిటో వలస వచ్చిన నాకు తెలియలేదు, తెలుసుకుందామని అనుకోనూ లేదు. తమ మనిషి పోయాడని ఒక రాష్ట్రం ఏడుస్తుంటే ఆ రాష్ట్రం జెండా దించుకోవడంలో తప్పులేదని ఇప్పుడు గట్టిగా నమ్ముతాను. 2024లో రతన్ టాటా పోయినప్పుడు మహారాష్ట్ర చేసిందీ అదే. పేరున్న ప్రతివాడికీ దించమని కాదు. అలా చేస్తే జెండా వైపు తలెత్తి చూసేవాడే ఉండడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ టీవీ ముందు ఉంది. కంటికి తడి తగలకూడదని డాక్టర్ చెప్పారు. ఆవిడ నల్ల కళ్ళద్దాల కింద నుంచి పైటకొంగుతో తుడుచుకుంటూనే ఉంది. మాది భీమవరం పక్కన పల్లె, ఆయనది మొగల్తూరు. పెళ్ళి కాకముందు ఆయన సినిమా కోసం ఎడ్లబండి కట్టించుకుని వెళ్ళిన మనిషి. మా వాడికేమో ఆయన ప్రభాస్ పెదనాన్న, అంతే. వాడు వెళ్ళి పక్కన కూర్చుని, "జెండా మీ హీరోకి కాదంట అమ్మమ్మా, క్వీన్‌కంట" అన్నాడు.

"పోనీలే నాన్నా, ఆవిడా తొంభై ఆరేళ్ళ పెద్దావిడే. మా నాన్న ఉంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు" అంది అమ్మ.

కృష్ణంరాజుగారు వాజ్‌పేయి ప్రభుత్వంలో సహాయమంత్రి. ఆ పదవిలో ఉండగా పోతే ఢిల్లీలో జెండా దించుతారు. మాజీలకి ఆ లెక్క లేదు. ఇదంతా వివరిస్తుంటే మా వాడు వినలేదు. ఆగస్టులో వజ్రోత్సవాలకి ఇంటింటికీ పంచిన జెండా అమ్మ బీరువాలో మడతపెట్టి ఉంది. అది తెచ్చి, "మనం దించుదాం" అన్నాడు.

ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు దించకూడదు. ప్రభుత్వం చెప్పిన సందర్భాల్లో తప్ప జెండా సగానికి ఎగరేస్తే జాతీయ గౌరవాన్ని కాపాడే 1971 నాటి చట్టం ప్రకారం అది అవమానించడమే. అయితే ఆ రోజు ప్రభుత్వం చెప్పిన రోజే. రాణిగారి పేరున అయినా సరే, మాకు అడ్డులేదు.

బాల్కనీలో బట్టలారేసే పొడుగు కర్రకి తాడు కట్టాం. ముందు జెండా పైదాకా వెళ్ళాలి, అక్కడి నుంచి సగానికి రావాలి, విప్పేటప్పుడు కూడా మళ్ళీ పైకి తీసుకెళ్ళాకే దించాలి. అది పద్ధతి. మా వాడు తాడు పట్టుకుని పైదాకా లాగాడు, ఒక్క క్షణం ఆగి, నెమ్మదిగా సగానికి దించాడు. అమ్మ గుమ్మం దగ్గరే నిలబడి చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి దేవుడి దగ్గర దీపం పెట్టి, వాణ్ణి పిలిచి ఒత్తి సరిచేయమంది.

సాయంత్రం విప్పేశాం. మర్నాడు మొయినాబాద్‌లో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు. పోలీసులు గాలిలోకి తుపాకులు పేలుస్తుంటే మా వాడు టీవీ ముందు అమ్మమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఇది మీ హీరోకే కదా అమ్మమ్మా?" అన్నాడు. "ఆయనకే బంగారం" అంది అమ్మ.