బనియన్ గుడ్డతో నాలుగో టాపు: నా అనుభవం

ఈ రోజు పొద్దున నాలుగో టాపు వేసుకుని కూరగాయల మార్కెట్‌కు వెళ్ళొచ్చాను. సంచీ భుజాన వేసుకున్నా మెడ పక్కకు జారలేదు. చంక దగ్గర ముడత లేదు. ముందువైపు అంచు పైకి లేవలేదు. మూడు నెలల్లో మూడు టాపులు పాడయ్యాక ఇది కుదిరింది. ఆ సంతోషం తగ్గకముందే రాసి పెడుతున్నాను. నాలాంటి ఒళ్ళున్న ఆడవాళ్ళు మన నెల్లూరులో ఎంతో మంది ఉన్నారు, వాళ్ళు ఈ గుడ్డ జోలికి పోకుండానే భయపడి ఆగిపోతున్నారు.

నేను మూలాపేటలో పదకొండేళ్ళుగా ఇంట్లో బ్లౌజులు కుడుతున్నాను. లైనింగ్ బ్లౌజయినా, ప్రిన్సెస్ కట్ అయినా నా దగ్గర రెండోసారి విప్పి కుట్టించుకున్నవాళ్ళు చాలా తక్కువ. ఈ మాట గర్వంగానే చెప్తున్నాను. చేతిలో అంత పని ఉండి కూడా నాకు నేను ఒక మెత్తటి టాపు కుట్టుకోలేకపోయాను. మే నెల ఎండల్లో ఇంట్లో మిషను ముందు కూర్చోవాలంటే కాటన్ బనియన్ గుడ్డంత హాయి ఇంకోటి లేదు. కానీ షాపులో దొరికే రెడీమేడ్ నాకు సరిపోదు. ఛాతీకి సరిపడే డబుల్ ఎక్స్ఎల్ తీసుకుంటే భుజం కుట్టు చేతి మీదికి దిగుతుంది, మెడ జారుతుంది. భుజానికి సరిపడే ఎల్ తీసుకుంటే ఛాతీ దగ్గర బిగుసుకుంటుంది. అందుకే సొంతంగా కుట్టాలనుకున్నాను.

గుడ్డ కోసం మద్రాసు పోయాను. జార్జ్‌టౌన్‌లో గోడౌన్ స్ట్రీట్ చుట్టుపక్కల తిరుప్పూర్ బనియన్ గుడ్డ కిలోల లెక్కన ఇస్తారు. మీటర్లకు అలవాటు పడినవాళ్ళకు ఆ లెక్క మొదట అర్థం కాదు. 180 జీఎస్ఎం అంటే చదరపు మీటరు 180 గ్రాములు. పన్నా, అంటే గుడ్డ వెడల్పు, ఒకటిన్నర మీటరు ఉంటే, మీటరు పొడుగు ముక్క 270 గ్రాములు తూగుతుంది. అంటే కిలోకు మూడున్నర మీటర్ల పైనే వస్తుంది. చేతులున్న టాపుకు మీటరున్నర చాలు. సన్న గుడ్డ చవకని తీసుకోకండి, వెలుతురులో ఒళ్ళంతా కనపడుతుంది. లైక్రా అనే సాగే దారం కొంచెం కలిసిన గుడ్డ అయితే సాగినా మళ్ళీ తన కొలతకు వచ్చేస్తుంది. కొనే ముందు అడ్డంగా లాగి వదిలి చూడండి. వదిలాక వదులుగా వేలాడితే ఆ గుడ్డ వద్దు.

ఇంటికి తెచ్చాక రెండుసార్లు ఉతికి నీడలో ఆరేశాను. మీటరుకు రెండంగుళాలు తగ్గింది. కోసేటప్పుడు మంచం అంచు మీద నుంచి గుడ్డ వేలాడనీయకూడదు, బరువుకు సాగుతుంది. నేల మీద పరిచి కోశాను. దీంట్లో కష్టం ఏమీ లేదు.

కష్టం మిషను దగ్గర మొదలైంది. రెండంగుళాలు బాగా కుడుతుంది, తర్వాత నాలుగు కుట్లు వదిలేస్తుంది. బట్ట కింద దారం కలవదు. నేను మిషను పాడైందనుకుని మెకానిక్‌ను పిలిపించాను. ఆయన వచ్చి టైమింగ్ పోయిందన్నాడు, దారం అందుకునే హుక్ అరిగిందన్నాడు, 700 రూపాయలు తీసుకున్నాడు. ఆయన వెళ్ళాక మామూలు కాటన్ బ్లౌజు గుడ్డ మీద కుడితే బ్రహ్మాండంగా కుట్టింది, బనియన్ గుడ్డ మీద మళ్ళీ అదే కథ. నువ్వు ఏ గుడ్డ కుడతావమ్మా అని ఆ మనిషి ఒక్క మాట అడిగి ఉంటే నా 700 మిగిలేది. తప్పంతా సూదిది. మామూలు సూది మొన వాడిగా ఉంటుంది, అల్లిన దారాన్ని చీల్చుకుని దిగుతుంది. సాగే గుడ్డ సూదిని పట్టుకుని దాంతోపాటే పైకీ కిందికీ ఆడుతుంది. అప్పుడు సూది వెనక దారం ఉచ్చులా సరిగా విచ్చుకోదు, హుక్ దాన్ని అందుకోలేదు. బాల్ పాయింట్ సూది మొన గుండ్రంగా ఉండి దారాలను పక్కకు జరుపుకుని దిగుతుంది. చిన్నబజారులో దారాల షాపులో 11 నంబరు బాల్ పాయింట్ సూదులు ఒక ప్యాకెట్ తెచ్చి పెట్టాను. అంతే, ఒక్క కుట్టు వదల్లేదు. మెకానిక్‌కు ఫోన్ చేసే ముందు సూది మార్చి చూడండి, నా మాట వినండి.

కుట్టు మాత్రం నేరుగా వేయకూడదు. తల దూర్చేటప్పుడు గుడ్డ సాగుతుంది, దారం సాగదు, టప్పున తెగుతుంది. జిగ్‌జాగ్ వెడల్పు అర నుంచి ఒక మిల్లీమీటరు మధ్య, కుట్టు పొడుగు రెండున్నర మిల్లీమీటర్లు పెట్టి పాలిస్టర్ దారంతో కుట్టాలి. నల్ల మిషనులో జిగ్‌జాగ్ రాదు కాబట్టి ఆ మిషనుతో ఈ పని పెట్టుకోకండి.

మెడపట్టీ ఒక్కసారి తప్పింది, రెండోసారి వచ్చేసింది. మెడ చుట్టు 22 అంగుళాలు ఉందని పట్టీ కూడా 22 కోశాను. అది మెడ చుట్టూ అలలు అలలుగా లేచి నిలబడింది. పట్టీ మెడ కంటే చిన్నగా ఉండాలి, నూటికి 85 వంతులు. 22కు దాదాపు 18 ముప్పాతిక, పైన కుట్టుకు వదులుకునేది వేరే. పట్టీని, మెడను నాలుగు భాగాలుగా గుర్తు పెట్టుకుని, పట్టీని మాత్రమే లాగుతూ కుట్టి, ఆవిరి ఇస్త్రీ పెడితే చక్కగా ఒళ్ళు పట్టుకుంటుంది.

ఇక అసలు సంగతి.

మొదటి టాపు నా ఛాతీ 40 లెక్కన కోశాను. ఆ లెక్కన భుజం 16 వచ్చింది. నా భుజం నిజానికి పద్నాలుగున్నర. సహజంగానే రెండు వైపులా జారింది. రెండోది అన్ని వైపులా తగ్గించి కోస్తే ఊపిరి ఆడలేదు. మూడోసారి కూర్చుని ఆలోచించి, చంకల కింద నుంచి టేపు చుట్టి పైఛాతీ కొలిచాను. 36. సరే, భుజం, మెడ, చంక రౌండ్ అన్నీ 36కు కోసి, చంక కింద నుంచి పక్కలు కొంచెం బయటికి తీసి మొత్తం 38 వచ్చేలా చేశాను. గుడ్డ రెండంగుళాలు సాగి నా 40కి సరిపోతుంది కదా అని లెక్క.

భుజం కుదిరింది. కానీ చంక దగ్గర నుంచి ఛాతీ మొన వైపు మూడేసి ముడతలు, రెండు వైపులా. ముందు అంచు వెనక అంచు కంటే అంగుళం పైకి లేచింది. చేతులెత్తి దింపితే టాపంతా ఛాతీ కిందికి వచ్చి ముద్దగా ఆగిపోతుంది, దిగదు. ప్రతిసారీ చేత్తో కిందికి లాక్కోవాలి.

రెండు రోజులు చూసుకుని, ట్రంకురోడ్డు దగ్గర్లో ఒక టైలర్ షాపుకు తీసుకెళ్ళాను. ఆయన నాకు ఎనిమిదేళ్ళుగా తెలుసు. నాకు పని ఎక్కువైనప్పుడు పెళ్ళి బ్లౌజులు ఆయనకే పంపేదాన్ని. ఆ ధైర్యంతోనే లోపలికెళ్ళి వేసుకుని వచ్చి చూపించాను. షాపులో అప్పుడు ఇద్దరు ఆడవాళ్ళు, ఒక కుర్రాడు ఉన్నారు. ఆయన కుర్చీలోంచి లేవలేదు. టేపు తీయలేదు.

"అక్కా, ఏందిది, బనియన్ గుడ్డా? ఇది సన్నంగా ఉండేవాళ్ళకు. నీ ఒంటికి ఇది కుదరదు కదా. బ్లౌజులు కుట్టేదానివి, నీకు తెలవదా?" అన్నాడు.

ఆ ఇద్దరూ నా వైపు చూశారు. పైనుంచి కిందికి చూశారు. ఆ కుర్రాడు నవ్వు ఆపుకున్నాడు. నేను చున్నీ ముందుకు లాక్కున్నాను. నలభై రెండేళ్ళ మనిషిని, ఇద్దరు పిల్లల్ని కన్నాను, వాళ్ళకు పాలిచ్చాను. ఆ ఒంటిని తప్పు పట్టడానికి ఆయనెవరు? ఆ మాట అక్కడ అనలేకపోయాను. "పక్కలు కొంచెం పట్టేస్తే కుదురుతుందేమో చూడన్నా" అని మాత్రం అన్నాను. ఆయన రెండు పక్కలా అరంగుళం చొప్పున పట్టి, 150 తీసుకుని ఇచ్చాడు. ఇంటికొచ్చి వేసుకుంటే మూడు ముడతలు ఐదయ్యాయి. 38 ఉన్నది 36 అయిపోయింది, ఇంకేమవుతుంది మరి. ఆ రాత్రి అన్నం తినలేదు.

ముడత అంటే గుడ్డ ఎక్కువైందని చాలామంది టైలర్లు అనుకుంటారు. అది వేలాడే ముడతకు నిజం. లాగే ముడత వేరు. అది ఎక్కడ గుడ్డ చాలలేదో అటువైపు వేలు చూపిస్తున్నట్టు ఉంటుంది. ఒంటి మీద నిలబెట్టి చూసి, రెండిటికీ తేడా చెప్పలేనివాళ్ళ దగ్గరకు వెళ్ళి మాటలు పడకండి. షాపు ఎంత పెద్దదైనా సరే.

నాకు దారి దొరికింది నా బ్లౌజు దగ్గరే. మర్నాడు ఒకావిడ బ్లౌజుకు డాట్లు పడుతున్నాను. డాట్ ఎందుకు పడతాం? ముందు భాగం ఛాతీ మీదుగా దిగాలి కాబట్టి వెనక భాగం కంటే పొడుగూ వెడల్పూ ఎక్కువ కోసి, మిగిలింది డాట్‌లో మడుస్తాం. మరి నా టాపుకు డాట్ లేదు. డాట్ లేదని ముందూ వెనకా ఒకే కాగితం పెట్టి కోశాను, మెడ ఒక్కటే తేడా. డాట్ చేసే పని గుడ్డ సాగి చేసుకుంటుందిలే అనుకున్నాను. గుడ్డ కొంత వరకు చేస్తుంది. పైఛాతీకీ ఛాతీకీ నాలుగంగుళాలు తేడా ఉంటే మాత్రం దాని వల్ల కాదు. అప్పుడది పక్కల నుంచి లాక్కుంటుంది, కింద నుంచి లాక్కుంటుంది.

ఎంత చాలలేదో తెలుసుకోవడానికి ఆ మూడో టాపునే బలి ఇచ్చాను. పక్కలు విప్పి మళ్ళీ 38 చేసి వేసుకుని, తలుపు వేసి, మా పాపను పిలిచి కత్తెర ఇచ్చాను. ఛాతీ మొనల మీదుగా, ఈ పక్క కుట్టు నుంచి ఆ పక్క కుట్టు దాకా అడ్డంగా కోయమన్నాను. లోపల వేరే బనియను వేసుకునే ఉన్నాను, అయినా పాప చేయి వణికింది. "అమ్మా, బాగున్న టాపు కదా" అంటుంది. "బాగుంటే ఎందుకు కోయమంటానే" అన్నాను.

కోయగానే కింది ముక్క దానంతటదే దిగింది. ముడతలు మాయమయ్యాయి. అంచు వెనక అంచుతో సమానంగా నిలబడింది. అద్దంలో చూసుకుంటే ఒళ్ళు అదే, గుడ్డ అదే. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. కోత ఎంత తెరుచుకుందో పాప టేపుతో కొలిచింది. మధ్యలో అంగుళం, పక్క కుట్టు దగ్గర ముప్పాతిక. ఆ సందులో ఒక పసుపు రంగు ముక్క పెట్టి పిన్నులు గుచ్చి, నడిచి, కూర్చుని, చేతులెత్తి చూశాను. ఎక్కడా కదల్లేదు.

నాలుగో టాపు కొలతలు ఇవి. వెనక భాగం మడత మీద 18లో సగం 9, అంతా పైఛాతీ 36 లెక్కనే. ముందు భాగం భుజం, మెడ, చంక అదే 36 లెక్క, ఛాతీ దగ్గర మాత్రం 10. కాగితాన్ని ఛాతీ గీత మీద అడ్డంగా కోసి, మధ్యలో అంగుళం, పక్కన ముప్పాతిక ఎడం పెట్టి కింద వేరే కాగితం అతికించాను. మొత్తం చుట్టుకొలత మళ్ళీ 38యే. మూడో టాపులో ముందుకూ వెనక్కూ సమానంగా పంచాను, ఇందులో వెనక నుంచి తీసి ముందుకు ఇచ్చాను.

ఇప్పుడు ముందు భాగం పక్క, వెనక భాగం పక్క కంటే ముప్పాతిక పొడుగు ఉంటుంది. భయపడి కత్తిరించేయకండి, కోసిన ఫలమంతా పోతుంది. చంక కింద రెండంగుళాలు వదిలి, అక్కడి నుంచి ఐదంగుళాల మేర ఆ ఎక్కువను సర్దాలి. పొడుగు ముక్కను అడుగున, మిషను పళ్ళ వైపు పెట్టి కుట్టండి. పళ్ళు అడుగు గుడ్డను కొంచెం ఎక్కువ తోస్తాయి కాబట్టి అదే కూడుకుంటుంది. మామూలు రోజుల్లో మనల్ని విసిగించే ఈ గుణమే ఇక్కడ పనికొస్తుంది. కుట్టాక చిన్న చిన్న కుచ్చుల్లా కనిపిస్తే ఆవిరి ఇస్త్రీతో అదిమితే అణిగిపోతాయి. ఇస్త్రీని గుడ్డ మీద లాగకండి, పెట్టి ఎత్తండి.

భుజం కుట్టులో సన్న నాడా ఒకటి కలిపి కుట్టాను, రోజులు గడిచినా సాగకుండా. అంచులు జంట సూదితో మడిచాను.

ఆ టైలర్ షాపు ముందు నుంచి నిన్ననే నడిచి వెళ్ళాను, ఈ టాపుతోనే, చున్నీ లేకుండా. లోపలికి పోలేదు. పోవాల్సిన పని నాకు లేదు. పెళ్ళి బ్లౌజులు పంపడం మాత్రం మానేశాను.

మా పాప తనకూ ఒకటి కావాలంది. సాయంత్రం కొలతలు తీశాను. పైఛాతీ 31, ఛాతీ 32. దానికి ముందుభాగం కోసి పెంచాల్సిన పని లేదు, ఒకే కాగితం సరిపోతుంది. మిగిలిన గుడ్డలో ఆకుపచ్చ ముక్క మీటరుంపావు ఉంది. పాప పొట్టి చేతులే అడిగింది కాబట్టి సరిపోతుంది. రాత్రే ఉతికి ఆరేశాను, పొద్దున కోయాలి.