మళ్లీ విప్పడానికి వీలుగా అతకాలి

మా చిన్నాయన మాండలిన్ మళ్లీ శ్రుతికి నిలబడింది. 1960లలో మద్రాసు మూర్ మార్కెట్‌లో పాత సామాన్ల మధ్య చూసి కొన్నాడంట. ఆయన వేళ్లు సహకరించినన్ని రోజులు వాయించి, తర్వాత బట్టలో చుట్టి అటక మీద పెట్టేశాడు. కడప ఎండలకు అటక మీద చెక్క సామాను ఏమవుతుందో ఈ ఊరివాళ్లకు చెప్పాల్సిన పనిలేదు.

మాండలిన్ అనగానే మనకు పాలకొల్లు యు. శ్రీనివాస్ గుర్తొస్తారు. ఆయన వాయించింది ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్. మా ఇంట్లోది ఇటలీలోని నేపుల్స్ పద్ధతిది. ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు, శ్రుతి వయొలిన్‌దే. వెనక భాగం సన్నని రోజ్‌వుడ్ బద్దలు వంచి పక్కపక్కన అతికించిన కుండ, చూస్తే కర్బూజా చారలే. లోపల చీటీ పురుగులు తినగా ‘నాపోలి’ (ఇటాలియన్‌లో నేపుల్స్ పేరు) అన్న ముక్క మిగిలింది. ఆ ఒక్క ముక్కను చూసి ఎవరు చేశారో తేల్చలేం. సిసిలీలోని కటానియాలోనూ, జర్మనీలోనూ ఇలాంటివి ఎగుమతి కోసం కుప్పలుగా చేశారు.

దీని ముందువైపు పలకను పక్క నుంచి చూడండి. తీగలు ఆనే గుర్రం (బ్రిడ్జి) దాటగానే పలక కిందికి మడత పడి ఉంటుంది. ఎండకు వంగిందనుకుని చదును చేయబోయేవాళ్లు ఉంటారు, అది మహాపాపం. స్ప్రూస్ చెక్కను వేడి చేసి కావాలనే అలా వంచుతారు. ఎనిమిది ఉక్కు తీగలు గుర్రాన్ని కిందికి నొక్కుతుంటే ఆ పల్చటి పలక కుంగకుండా నిలిచేది ఆ మడత బలంతోనే. నేపుల్స్‌లో వాయిద్యాలు చేసే పాస్క్వాలే వినాచా 1835 ప్రాంతంలో ఉక్కు తీగలకు తగ్గట్టు ఈ వాయిద్యాన్ని మార్చాడని చెబుతారు. అయినా దీని మెడలో ఇనుప కడ్డీ ఏమీ ఉండదు. లావు తీగలు కట్టామంటే మెడ ముందుకు లాగేస్తుంది.

మాదానికి జరిగింది అదే. ఎవరో గిటారు తీగలు బిగించారు. మెడ మొదట్లో కుండ అతుకు విచ్చుకుంది, మెడ కాస్త ముందుకు వాలింది, తీగలు మెడ మీది మెట్ల (ఫ్రెట్ల) నుంచి పైకి లేచాయి. ఇంకెవరో ఆ సందులో రెండు ట్యూబులు కలిపి పూసే గట్టి జిగురు పోశారు. ఆ జిగురు ఊడలేదు, దాని పక్కన చెక్కే చీలింది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. పాత వాయిద్యంలో అతుకు ఊడటం జబ్బు కాదు. చెక్క ఎండి ముడుచుకుంటుంది, ఎక్కడో ఒకచోట వదలాలి. అతుకు వదిలితే మళ్లీ అతుక్కోవచ్చు. అతుకు మొండికేస్తే చెక్క పగులుతుంది.

అందుకే పశువుల తోలు ఉడికించి తీసే పాతకాలం జిగురే వాడాను. పలుకులుగా దొరుకుతుంది. చన్నీళ్లలో నానబెడితే ఉబ్బుతాయి. గిన్నెలో నీళ్లు పోసి, అందులో చిన్న గిన్నె పెట్టి కాచాలి, 60 డిగ్రీలు దాటకూడదు. మరిగితే బలం పోతుంది. ఇంట్లో వాసన గురించి మా ఆవిడ అన్న మాటలు న్యాయమైనవే. ఈ జిగురు చల్లబడితే నిమిషంలోనే గడ్డకడుతుంది, చలిదేశాల్లో పనివాళ్లు గది వెచ్చబెట్టుకుని మరీ పనిచేస్తారు. మన మే నెలలో ఆ బాధ లేదు. పల్చటి కత్తితో సందులోకి జిగురు తోసి, సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి కుండ చుట్టూ బిగించేంత తీరిక దొరికింది. రేపు ఎవరైనా విప్పాలంటే వేడి, తడి చాలు.

పలకలో పడిన నెర్రను మాత్రం ఎండలో ముట్టుకోలేదు. ఎండిపోయి నెర్ర బాగా విచ్చుకున్నప్పుడు అందులో ఏదైనా కూరితే, వానాకాలంలో చెక్క ఉబ్బినప్పుడు చోటు చాలక పక్కన ఒత్తుకుంటుంది. సబ్బుపెట్టెకు చిల్లులు పొడిచి తడి స్పాంజి పెట్టి, దాన్నీ మాండలిన్‌నూ ట్రంకుపెట్టెలో పెట్టి మూశాను. నెర్ర తనంతట తానే దగ్గరికొచ్చింది. అప్పుడు జిగురు పెట్టి, కింద నుంచి పల్చటి స్ప్రూస్ బిళ్లలు అడ్డంగా అతికించాను. చేయి పట్టని చోటు కాబట్టి పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దంతో చూసుకుంటూ చేయాల్సొచ్చింది.

తీగలు బిగించే బిరడల్లో ఒకదానికి పళ్లచక్రం పట్టే మరమేకు లేదు. ప్రొద్దుటూరులో కమ్మలకు మర కోసే ఆచారి దగ్గరికి తీసుకుపోయాను. భూతద్దం పెట్టుకుని పక్కదాని మేకు విప్పి, గోటి మీద పెట్టుకుని చాలాసేపు తిప్పి చూశాడు.

“ఇత్తడి మేకు పెడితే అరుగుతాది సామీ. జర్మన్ సిల్వర్‌తో చేసిస్తా, రెండు తరాలు చూసుకోబల్లే.”

అన్నట్టే చేశాడు. తల మీద గాడి కూడా పాతవాటి వెడల్పుకే కోశాడు.

మెడ మొదట్లో అతుకు కూడుకోగానే తీగల ఎత్తు పన్నెండో మెట్టు దగ్గర సుమారు 2 మిల్లీమీటర్లకు దిగింది. గుర్రం అతికించి ఉండదు, తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. మెడ పైకొసన తీగలు ఆనే చోటు నుంచి పన్నెండో మెట్టుకు ఎంత దూరమో, అక్కడి నుంచి గుర్రానికి దాదాపు అంతే, ఓ వెంట్రుక ఎక్కువ. పైపూత జోలికి పోలేదు. కొత్తదానిలా మెరిపించమని అడిగినవాళ్లున్నారు. చిన్నాయన ముంజేయి ఆనిన చోట వార్నిష్ అరిగి చెక్క కనబడుతోంది, దాన్ని ఎందుకు చెరపాలి?

ఎక్కడ ఏ జిగురు వాడానో కాగితం మీద రాసి పెట్టెలో ఉంచాను.

రాయలసీమ వైపు మీ ఇంట్లో కుండ మాండలిన్ ఉంటే అటక మీద నుంచి దింపండి, తీగలు వదులు చేయండి. షాపులో ఇచ్చే మామూలు మాండలిన్ సెట్టు అమెరికా రకానికి చేసింది, మొదటి తీగే అంగుళంలో వెయ్యింట 10, 11 వంతుల మందం ఉంటుంది. వీటికి 9 చాలు. ఆ సన్నటి సెట్టు కడపలో నాకు దొరకలేదు, చెన్నై నుంచి తెప్పించుకున్నాను. రిపేరుకు ఇచ్చే ముందు ఏ జిగురు వాడతారో అడగండి. ఊడదు అని గొప్పగా చెబితే తిరిగి తెచ్చేసుకోండి.