పాట వస్తోంది, మాట రావట్లేదా?

పాత కంప్యూటర్‌లో ఐఎస్ఏ (పాత రకం స్లాటులో పెట్టే) సౌండ్ కార్డు పెట్టాక గేమ్‌లో సంగీతం వినిపిస్తూ మాటలు, తుపాకీ మోతలు రావట్లేదంటే కార్డును తిట్టకండి. సంగీతం పుట్టించే, 388 అడ్రస్ దగ్గరుండే ఎఫ్ఎం చిప్‌కు ఐఆర్‌క్యూ (కార్డు ప్రాసెసర్‌ను పిలిచే లైను) అక్కర్లేదు, డీఎంఏ (ప్రాసెసర్‌తో పని లేకుండా మెమరీ నుంచి కార్డుకు డేటా అందే దారి) అక్కర్లేదు. అందుకే పాట వస్తుంది. రికార్డు చేసిన శబ్దానికి మాత్రం ఆ రెండూ కావాలి. అంటే కార్డు బతికే ఉంది, ఐఆర్‌క్యూనో డీఎంఏనో కుదరలేదన్నమాట.

ఆ రెండిట్లో ఏదో కూడా చెవితోనే చాలావరకు తేలుతుంది. చిన్న ముక్క వినిపించి ఆగిపోయినా, "హలో హలో హలో" అని అదే తిరుగుతున్నా ముందు ఐఆర్‌క్యూనే అనుమానించండి. బఫర్‌లో (శబ్దాన్ని కాసేపు ఉంచే మెమరీలో) ఉన్నది అయిపోయిందని కార్డు చెప్పే కబురు ప్రాసెసర్‌కు అందడం లేదు, కొత్త డేటా రావడం లేదు. అసలు చప్పుడే లేకపోయినా, గరగర వచ్చినా, మెషీన్ బిగుసుకుపోయినా డీఎంఏ చూడండి. కార్డే లేదని డ్రైవర్ అంటే అడ్రస్ తప్పయి ఉండొచ్చు.

సౌండ్ బ్లాస్టర్ 16కు మామూలుగా ఉండే సెట్టింగులు: అడ్రస్ 220, ఐఆర్‌క్యూ 5, డీఎంఏ 1, 16 బిట్ శబ్దానికి డీఎంఏ 5, మిడి (సంగీత వాద్యాలను కలిపే) పోర్టు 330. ఐఆర్‌క్యూ 5 రెండో ప్రింటర్ పోర్టుది కూడా. నెట్‌వర్క్ కార్డులూ తరచూ దాని మీదే కూర్చుంటాయి. పీసీఐ (ఐఎస్ఏ తర్వాత వచ్చిన స్లాటు) కార్డులు ఒకే ఐఆర్‌క్యూను పంచుకోగలవు, ఐఎస్ఏ కార్డులు మామూలుగా పంచుకోలేవు. గొడవంతా అక్కడే.

కాబట్టి ముందు బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే సెటప్‌లోకి) వెళ్లండి. బోర్డు మీదే సౌండ్ ఉంటే దాన్ని డిసేబుల్ చేయండి. పీసీఐ, పీఎన్‌పీ (ప్లగ్ అండ్ ప్లే) పేజీలో ఐఆర్‌క్యూ 5ను, డీఎంఏ 1ని లెగసీ ఐఎస్ఏకు కేటాయించండి. జంపర్లున్న (పిన్నుల మీద చిన్న తొడుగు మార్చి సెట్ చేసే) కార్డుకైతే ఇది తప్పనిసరి, ఎందుకంటే ఆ కార్డు ఏం వాడుతోందో బయోస్‌కు తెలిసే దారి లేదు. ప్రింటర్ పోర్టు ఈసీపీ మోడ్‌లో ఉండి డీఎంఏ 1 పట్టుకుని ఉంటే 3కు మార్చండి, లేదా ఈపీపీ మోడ్ పెట్టండి. చాలామంది చూడకుండా వదిలేసేది ఇదే.

విండోస్ 98లో డివైస్ మేనేజర్ తెరిచి, పైన ఉన్న "కంప్యూటర్" మీద రెండుసార్లు నొక్కితే ఏ ఐఆర్‌క్యూ ఎవరి దగ్గరుందో వరసగా కనిపిస్తుంది. ఏదీ మార్చకముందే దాన్ని కాగితం మీద రాసుకోండి. ఒకే కార్డు రెండుసార్లు నమోదై ఉందేమో సేఫ్ మోడ్‌లో చూసి, దొరికిన వాటన్నిటినీ తీసేసి రీబూట్ చేయండి.

డాస్‌కైతే ఆటోఎగ్జెక్‌లో (బూట్ అయ్యేటప్పుడు నడిచే ఫైల్లో) ఈ లైను ఉండాలి: సెట్ బ్లాస్టర్=ఏ220 ఐ5 డీ1 హెచ్5 పీ330 టీ6 (ఇంగ్లిష్‌లో SET BLASTER=A220 I5 D1 H5 P330 T6). ఇది కార్డును మార్చదు, కార్డు ఎక్కడుందో గేములకు చెబుతుందంతే. ఐఆర్‌క్యూ జంపర్ 7 మీద పెట్టి ఇక్కడ ఐ5 అని రాస్తే మళ్లీ ఆ "హలో హలో"నే.

అడాప్టెక్ 1542 స్కజీ కార్డు (హార్డ్ డిస్కుల్లాంటివి కలిపేది) కూడా ఉంటే దాని అడ్రసూ మామూలుగా 330యే. అప్పుడు మిడిని 300కు జరిపి, లైనులోనూ పీ300 అని దిద్దండి. ఆ 300 మీద నెట్‌వర్క్ కార్డు లేదని మాత్రం ముందే చూసుకోండి.